మధులత గుట్టెక్కిన రోజు

అమీర్‌పేట మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులోకి తిరిగితే, ఎడమవైపు మూడో షట్టరు మధులతది. జిరాక్సు, ప్రింటింగు, స్పైరల్ బైండింగు, కిరాయి అగ్రిమెంట్లు, అఫిడవిట్లు. పద్దెనిమిదేళ్లుగా అదే షట్టరు. ఆ సందులో జావా నేర్చుకుని వెళ్లినవాళ్లు, టెస్టింగ్ నేర్చుకుని వెళ్లినవాళ్లు, ఏమీ నేర్చుకోకుండా వెళ్లినవాళ్లు, అందరి రెజ్యూమెలూ ఆమె చేతి మీదుగానే పోయాయి. తప్పు కనబడితే ఊరుకునే మనిషి కాదు. "సక్సెస్‌ల ఎన్ని ఎస్సులుంటయో తెల్వకుంట ఉద్యోగానికి పోతవా?" అని పదిమందిలో అడిగేస్తుంది. అడిగాక తనే దిద్దుతుంది. దిద్దినందుకు ఏమీ తీసుకోదు.

ఆమెకు నలభై ఒకటి. పద్నాలుగు నెలల పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చింది. తగ్గింది కానీ, తగ్గుతూ ఎడమకాలిని తీసుకుపోయింది. తొడ నుంచి పాదం దాకా ఇనుప కడ్డీల కాలిపర్, కుడిచేతిలో కర్ర. నాన్న సాయిలు మెదక్ వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి. బంజారా హిల్స్‌లో ఊళ్లోవాళ్లకు బంగళాలు కట్టి, తనకోసం పంజాగుట్ట వెనక సందులో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు నాన్నా లేడు, అమ్మా లేదు. కింద మధులత, పైన తమ్ముడు సురేందర్, అతని భార్య దివ్యశ్రీ ఉంటారు.

ఇంటి నుంచి దుకాణానికి ఆమె వెనక రెండు పక్క చక్రాలు బిగించిన స్కూటరు మీద వెళ్తుంది. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడిన అరక్షణానికే వెనకనుంచి ఎవడో ఒకడు హారన్ కొడతాడు. మధులత తల తిప్పి, చాలా నెమ్మదిగా అంటుంది: "నా మీదికెల్లి పో అన్నా. తొవ్వ ఉన్నది." హారన్ ఆగిపోతుంది. ఆమె నోట్లో పడొద్దని సందులో అందరికీ తెలుసు.

ఆ నోరు ఊరికే రాలేదు. చిన్నప్పటినుంచీ ఎక్కడికి వెళ్లినా ఆమెకు ఒకటే పని అప్పగించేవారు. గోల్కొండకు వెళ్తే అందరూ కోట ఎక్కుతారు, మధులత కింద సామాన్లు చూసుకుంటుంది. మెదక్ ఖిల్లా దగ్గరా అంతే. స్కూలు వాళ్లు తీసుకెళ్లిన చోటల్లా అంతే. ఒళ్లో నాలుగు బ్యాగులు, మెడలో ఎవరిదో నీళ్ల సీసా. పైకి వెళ్లినవాళ్లు గంట తర్వాత ఎర్రబడ్డ మొహాలతో దిగి వచ్చి "మస్తుండె!" అనేవారు. ఏముందని అడిగితే "ఎట్ల చెప్పాలె, చూడాలె గంతే" అనేవారు. హైదరాబాదు చుట్టుపక్కల ప్రతి గుట్ట కింద టీ ఎలా ఉంటుందో మధులతకు తెలుసు. పైన ఏముంటుందో తెలియదు.

ఆ తర్వాత ఆమె ఎక్కడికీ వెళ్లడం మానేసింది. పిలిచినప్పుడల్లా దుకాణం అడ్డం పెట్టేది.

ఈ ఏడాది సురేందర్ పెళ్లిరోజు ఆదివారం పడింది. వికారాబాద్ వైపు గుట్టల్లో ఒక చోటుందనీ, నాలుగు చక్రాల మోటారు బండ్ల మీద గైడు వెంట అడవిలోంచి గుట్ట మీదికి తీసుకెళ్తారనీ, అక్కడినుంచి చూస్తే చుట్టూ లోకమంతా కనబడుతుందనీ దివ్యశ్రీ చెప్పింది.

"నువ్వు సుత రా అక్కా," అన్నాడు సురేందర్. "కింద హోటలున్నదట. చల్లగ కూసోవచ్చు."

"కూసోనీకి నా దుకాణంల కుర్చీ లేదా?" అంది మధులత.

ఆ మాటతో అయిపోయేదే. కానీ దివ్యశ్రీ ఆ బండ్ల వీడియో ఫోనులో పంపింది. మధులత దుకాణంలో, రెండు ప్రింటవుట్ల మధ్య ఖాళీలో చూసింది. ఒకసారి చూసి, మళ్లీ చూసింది. మూడోసారి ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఆ బండికి యాక్సిలరేటరు తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కేది. బ్రేకులు చేతికే. గేరు పక్కనున్న పుల్లతో, అదీ చేతితోనే వేయాలి. నాలుగు చక్రాలు కాబట్టి ఆగినప్పుడు కాలు కింద ఆనించే పనే లేదు.

తన స్కూటరుకు చక్రాలు బిగించిన మెకానిక్‌ను అడిగింది. అతను గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "గా బండికి కాళ్లతోని పనేంది మేడమ్? కాళ్లు పెట్టుకోనీకి జాగ ఉంటది, గంతే" అన్నాడు.

ఆ సాయంత్రం మధులత మెట్ల కింద నిలబడి పైకి కేకేసింది: "సురేందర్! నేను సుత వస్త."

"మస్తు! కింద హోటల్ల..."

"హోటలొద్దు. బండి నడుపుత."

పైనుంచి దివ్యశ్రీ నవ్వు వినబడింది. ఎగతాళి నవ్వు కాదు, హుషారు నవ్వు.

"ముందుగాల ఫోన్ చేసి అడుగుదాం అక్కా," అన్నాడు సురేందర్.

"వద్దు," అంది మధులత. అడిగితే కాదంటారు. అడగడమంటే కాదనే అవకాశాన్ని మనమే వాళ్ల చేతిలో పెట్టడమని ఆమెకు ఎప్పుడో అర్థమైంది.

ఆదివారం పొద్దున్నే కారులో బయల్దేరారు. మాసబ్ ట్యాంక్ దాటి, మెహదీపట్నం దాటి, ఊరు పలచబడి పత్తి చేలు మొదలయ్యేసరికి మధులత కొత్త ఆకుపచ్చ చుడీదారు అంచును రెండుసార్లు సర్దుకుంది. భయం లేదని కాదు. భయపడుతున్నట్టు తమ్ముడికి తెలియకూడదని.

బండ్ల దగ్గర రేకుల షెడ్డు కింద టేబులు వేసుకుని ఒక యువకుడు కూర్చున్నాడు. పేరు అనుదీప్ అని చొక్కా మీద రాసి ఉంది. కోస్తా యాస, మర్యాదైన మాట. సురేందర్‌కూ దివ్యశ్రీకీ రెండు ఫారాలిచ్చాడు. మధులత కర్రను, కాలిపర్‌ను చూశాడు. మూడో ఫారం ఇవ్వలేదు.

"నాకు?" అంది మధులత.

"మీరు ఇక్కడ కూర్చోండి మేడమ్ గారూ. ఫ్యాను వేయిస్తాను."

"ఫ్యాను అడగలె. ఫారం అడిగిన."

అనుదీప్ సురేందర్ వైపు చూశాడు. ఇలాంటప్పుడు అందరూ పక్కవాళ్ల వైపే చూస్తారు. మధులత కర్రతో టేబులు కాలును చిన్నగా తట్టింది. "గటు గాదు. ఇటు చూడు. మాట్లాడుతున్నది నేను."

"ఏంటంటే మేడమ్, మీ సేఫ్టీ కోసమే చెప్తున్నాను. దివ్యాంగులకు రైడ్ లేదండి. రూల్."

"ఏడున్నది రూలు?"

"రూల్సులో ఉందండి."

"చూపియ్యి."

అతను ఫారం తీసి ముందుకు జరిపాడు. ఫారాల సంగతి మధులతకు చెప్పాలా? పద్దెనిమిదేళ్లలో ఆమె టైపు చేసిన డిక్లరేషన్లు వరసగా పరిస్తే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా వస్తాయి. కళ్లజోడు పెట్టుకుని, నిలబడే, పైనుంచి కింది దాకా చదివింది. పదహారేళ్లు నిండి ఉండాలి. తాగి ఉండకూడదు. గుండెజబ్బు ఉండకూడదు. వెన్నెముక ఆపరేషన్ అయి ఉండకూడదు. గర్భిణులు ఎక్కకూడదు. హెల్మెట్ తప్పనిసరి.

"పదహారు నిండి పాతికేండ్లయింది," అంది. "తాగలె. గుండె మంచిగున్నది. వెన్ను మంచిగున్నది. కడుపుతో లేను. కాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఇగ రెండో లైన్ల స్పెల్లింగు తప్పున్నది, అది వేరే సంగతి."

వెనక నిలబడిన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అనుదీప్ చెవులు ఎర్రబడ్డాయి. "రాయలేదు కానీ మేడమ్, అది అందరికీ తెలిసిందే కదండీ."

"నాకు తెల్వదు. రాయి."

"ఏంటండీ?"

"పెన్నున్నది గదా. గీ ఫారం కింద రాయి. 'కాలు సక్కగ లేని మనిషికి మేం బండి ఇయ్యం' అని రాసి, నీ పేరు రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇయ్యి. 2016ల దివ్యాంగుల హక్కుల చట్టమొకటి వచ్చింది, దాని కింద అర్జీలు ఎట్ల రాయాల్నో నా దుకాణంల నేనే టైపు చేస్త. నీ కాయిదం దానికి జత చేస్త. రాయి, నేను నిలబడుత. నాకు నిలబడుడు అలవాటే."

అనుదీప్ పెన్ను తీశాడు. మూత తీశాడు. మళ్లీ పెట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఏదైనా జరిగితే ఓనరు తన ఉద్యోగమే పీకుతాడని అతని భయం అతనిది. ఆ భయం మధులతకూ కనబడింది. కనబడినా వెనక్కి తగ్గలేదు.

షెడ్డు స్తంభానికి ఆనుకుని ఇదంతా వింటున్న గైడు అప్పుడు కదిలాడు. పేరు హనుమాండ్లు. ఆ గుట్ట కింది ఊరివాడే, యాభైకి దగ్గర పడ్డాడు, మీసాలు నెరిశాయి.

"సారూ," అన్నాడు, "గీ మైదానంల ఒక్క రౌండు కొట్టిపియ్యనా? నడిపితె నడుపుతది. లేకుంటె ఆమెనే దిగుతది. బండికి కాళ్లతోని పనేమున్నది?"

మెకానిక్ చెప్పిన మాటే. మధులత కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకుంది.

బండెక్కడం అంత తేలిక కాలేదు. కుడికాలి మీద నిలబడి, మోకాలు వంగకుండా పట్టి ఉంచే కాలిపర్ తాళం తీసి, ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి అటువైపు వేసుకోవాలి. సురేందర్ చేయి పట్టబోయాడు. "ఆగు," అంది. ఒకసారి జారింది. రెండోసారి కూర్చుంది. ఎడమ పాదం పెట్టే చోటు మీద నిలవకుండా జారిపోతుంటే, దివ్యశ్రీ తన చున్నీ తీసి ఇచ్చింది. మధులతే వంగి పాదాన్ని వదులుగా చుట్టుకుంది.

"గట్టిగ ముడేయకక్కా," అన్నాడు హనుమాండ్లు. "బండి ఒరిగితే కాలు ఊడి రావాలె."

ఆ మాట ఆమెకు నచ్చింది. జాలి పడేవాడు ఆ మాట అనడు. పని తెలిసినవాడే అంటాడు.

మైదానంలో ఒక్క రౌండు అన్నారు. ఆమె మూడు కొట్టింది. పంజాగుట్ట ట్రాఫిక్‌లో పద్దెనిమిదేళ్లు నలిగిన చేతులకు ఆ ఖాళీ మైదానం ఒక లెక్కా? అనుదీప్ మూడో ఫారం తెచ్చాడు. ఆమె సంతకం పెట్టి, రెండో లైనులో స్పెల్లింగు దిద్ది ఇచ్చింది.

ముందు హనుమాండ్లు, వెనక మధులత, ఆ వెనక ఒకే బండి మీద సురేందర్, ఆమె కర్ర పట్టుకుని దివ్యశ్రీ. టేకు చెట్ల మధ్య ఎర్రమట్టి బాట. బండి కింద రాళ్లు టకటకమంటుంటే ఒళ్లంతా కదిలిపోయింది. ఒక చిన్న వాగు దాటారు. నీళ్లు మోకాళ్ల దాకా చిమ్మాయి. కాలిపర్ తుప్పు పడుతుందేమోనని ఒక్క క్షణం అనిపించి, పడితే పట్టనీ అనుకుంది.

వాగు దాటాక బాట నిట్టనిలువుగా లేచింది. సగం ఎక్కాక మధులత బండి వెనక చక్రాలు ఇసకలో దిగబడి గిర్రున తిరిగాయి. బండి వెనక్కి జారింది. బ్రేకులు రెండూ బిగపట్టింది.

"అక్కా! దిగు! దిగిపో!" వెనకనుంచి సురేందర్ అరిచాడు.

హనుమాండ్లు బండాపి పరుగున వచ్చాడు. "ఇక్కడ అందరు లేచి నిలబడి ముంగటికి వంగుతరక్కా, అప్పుడు బండి ఎక్కుతది. నువ్వు నిలబడలేవు గదా. జర దిగు, నేను పైదాక తోలుత."

"నిలబడకుంట ఎట్లనో చెప్పు."

"అట్ల ఎవరు చేయలే అక్కా."

"నువ్వు చెప్పు. బండి ముట్టకు."

హనుమాండ్లు తల గోక్కున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "సీటు మీద జరిగి ముంగటికి రా. ఇంక. ఇంక రావాలె. రొమ్ము హ్యాండిల్ మీదికి రావాలె. వేలు ఒక్కసారి నొక్కకు, మెల్లగ నొక్కు. నొక్కినంక భయమైతది, భయమైనా ఇడిసిపెట్టకు."

మధులత చేతుల మీద ఒళ్లంతా లేపి, ట్యాంకు మీదికి జరిగింది. కర్రతో నడిచిన మనిషికి చేతుల్లో ఉన్నంత బలం మరెక్కడా ఉండదు. హ్యాండిల్ మీద వాలి, బ్రేకు వదిలి, బొటనవేలు నొక్కింది. చక్రాలు గిర్రుమన్నాయి. ఇసక వెనక్కి చిమ్మింది. భయమైంది. విడిచిపెట్టలేదు. బండి ఒక్క ఊపు ఊగి, రాయి పట్టుకుని, పైకి లేచింది. ఆమె నోట్లోంచి వచ్చిన తిట్టు ఇక్కడ రాయదగింది కాదు. అది గుట్టకు తగిలి మళ్లీ వినబడింది.

పైన బండ్లు ఆగే చోటు వచ్చింది. అక్కడికి వచ్చాకగానీ తెలియలేదు, చూసే చోటు ఇంకా పైన ఉందని. బండరాళ్లు అడ్డదిడ్డంగా పేర్చిన నలభై మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు.

"ఇంత దూరం వచ్చినవ్ అక్కా, చాలు," అన్నాడు సురేందర్. ప్రేమగానే అన్నాడు. "బండ్ల దగ్గర కూసో. ఫోటోలు దీసుకొని రెండు నిమిషాల్ల వస్తం. లేకుంటె నేనెత్తుకుంట."

"నేనేమన్న పెండ్లిపిల్లనా ఎత్తుకపోనీకి?"

మొదటి మెట్టు మీద గుట్టకు వీపు పెట్టి కూర్చుంది. రెండు అరచేతులూ పై మెట్టు మీద ఆనించి, కుడికాలితో తన్ని, ఒళ్లు పైకి లేపి కూర్చుంది. ఒక మెట్టు. మళ్లీ ఆనించి, లేపి, ఇంకో మెట్టు. కొత్త చుడీదారు ఎర్రమట్టిలో ఈడ్చుకుపోయింది. పైనుంచి దిగుతున్న కుర్రకారులో ఒకడు ఫోను ఎత్తి వీడియో తీయసాగాడు.

"తియ్యి బిడ్డా, మంచిగ తియ్యి," అంది మధులత, మొహం అతనివైపు తిప్పి. "మొకం రావాలె. పేరు మధులత, అమీర్‌పేట."

అతను ఫోను జేబులో పెట్టుకుని, పక్కకు జరిగి దారిచ్చాడు.

ఇరవయ్యో మెట్టు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగింది. సురేందర్ వచ్చి అదే మెట్టు మీద కూర్చున్నాడు.

"గోల్కొండల సుత ఇట్ల ఎక్కొచ్చుండె గదక్కా," అన్నాడు.

"ఎక్కొచ్చుండె."

"నాయిన బ్యాగులన్నీ నీ ఒళ్లె పెట్టిండు. నేను మాత్రం ఉర్కిన. ఎన్కకు చూడలె."

"నీకు అప్పుడు తొమ్మిదేండ్లు," అంది మధులత. చేతులకంటిన మట్టి దులుపుకుని, "నాయినకు మాత్రం తొమ్మిదేండ్లు గాదు" అంది.

సురేందర్ లేచి, ఆమె కర్ర తీసుకుని పక్కనే నడిచాడు. చేయి పట్టబోలేదు.

నలభయ్యో మెట్టు ఎక్కి, కర్ర అందుకుని, కాలిపర్ తాళం వేసి లేచి నిలబడింది. అంచుకు వెళ్లి చూసింది. కింద సగం ఎండిన చెరువు. పత్తి చేలు, మొక్కజొన్న చేలు. ఒక సెల్ టవరు. రోడ్డు మీద చీమల్లా లారీలు. దూరంగా మబ్బులాగా దుమ్ము.

"గింతేనా?" అంది.

"గింతే అక్కా," అన్నాడు హనుమాండ్లు కొంచెం సిగ్గుపడుతూ. "వానకాలంల జర పచ్చగుంటది."

మధులత నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేకపోయింది. ముప్పయ్యేళ్లుగా పైన ఏదో ఉందని, తనకు తప్ప అందరికీ అది దక్కిందని అనుకుంటూ వచ్చింది. తీరా వస్తే చెరువు, చేలు, లారీలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అయితే గాలి మాత్రం బాగుంది. కింద ఎక్కడా అలాంటి గాలి ఆమెకు తగల్లేదు. చెమట పట్టిన మెడ మీద, మట్టి కొట్టుకున్న చేతుల మీద అది తగులుతుంటే కదలబుద్ధి కాలేదు.

రెండు నిమిషాలయ్యాక హనుమాండ్లు గొంతు సవరించుకున్నాడు. "టైమైతుందక్కా."

"మీరు ఎక్కనీకి రెండు నిమిషాలు. నాకు ఇరవై పట్టింది. చూసుడు సుత గంత సేపు చూస్త. పో, బీడీ తాగి రా."

అతను నవ్వి వెళ్లి కొంచెం దూరంలో కూర్చున్నాడు. మధులత ఇరవై నిమిషాలూ నిలబడే చూసింది.

దిగేటప్పుడు ఇసక దగ్గర మళ్లీ జారింది. కానీ ఈసారి ఎవరూ దిగమనలేదు. మర్నాడు దుకాణంలో అరచేతులు బొబ్బలెక్కి స్టాప్లర్ నొక్కడం కష్టమైంది. ఏమైందని అడిగినవాళ్లకు "గుట్టెక్కిన" అని చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆమె మెడ కాస్త నిటారుగా అయ్యేది. ఎలా ఉంది మేడమ్, పైన ఏముంది అని హాస్టలు అమ్మాయి ఒకతె అడిగింది.

"ఏం లేదు," అంది మధులత. "పోయి చూడు."

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, ఆమె ఆ చోటికి ఫోను చేసింది. అనుదీప్ ఎత్తాడు.

"వచ్చే ఆదివారం బండ్లు గావాలె. మధులత, అమీర్‌పేట."

"మీరా మేడమ్ గారూ. చెప్పండి. ఎంతమందండీ?"

"నలుగురం. నాతోని ఇద్దరు దోస్తులు, వాళ్ల కాళ్లు నా లెక్కనే ఉంటయి. ముగ్గురం స్కూటర్లు నడుపుతం, ఫికర్ లేదు. మూడు బండ్లు ఇయ్యి."

"నాలుగో మనిషి మేడమ్?"

"మా సందుల హాస్టలు పిల్ల. కాళ్లు రెండు మంచిగనే ఉన్నయి," అంది మధులత. "కాని బండి రాదు పాపం. నా ఎన్క కూసుంటది."